కల్వర్టు దగ్గర మూలుగు

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్ళే దారిలో ఆ కల్వర్టుకి చెడ్డపేరు. చీకటి పడ్డాక అక్కడ ఆడమనిషి మూలుగు వినిపిస్తాదని... జీపుని పట్టుకుని కుదుపుతాదని... ఛీ, తలుచుకుంటేనే నాకు అసహ్యం. దెయ్యమంటే కాదు, ఆ మనుషులంటే.

రెండువేల ఒకటిలో ఆ కల్వర్టు మీదే ఏంజెలిన్ అనే పిల్లని లారీ గుద్దేసింది. ఏడాది తిరక్కుండా ఆ పిల్లని దెయ్యం చేసేశారు. మొదట మూలుగు విన్నది వీరేంద్ర, సర్వీసు జీపు డ్రైవరు. తర్వాత మిగతా డ్రైవర్లంతా మేమూ విన్నామన్నారు — వినలేదంటే పరువు తక్కువ కదా మరి. అమావాస్యకి ఆ పిల్ల సమాధిలో ఇనుప మేకులు దిగ్గొట్టాలని తీర్మానించేశారు.

అది తెలిసి తల్లి సువర్ణమ్మ వీరేంద్ర జీపు కాడికొచ్చింది. అదే జీపులో వెనక కూర్చున్న మా పెద్దమ్మ చెప్పిన సంగతిది.

"నా పిల్ల గొంతు నాకు తెలీదేటి? ఓపాలి విననియ్యండి," అందట. "అదే అయితే మీ ఇష్టం."

ముందు సీట్లో కూర్చుంది. చీకటి పడింది. కిక్కిరిసిన జీపు. కల్వర్టు దగ్గర వీరేంద్ర స్లో చేసి, దణ్ణం పెట్టి, నిమ్మకాయ విసిరి — భయపడ్డవాడిలా గేరు కూడా మార్చకుండా ఒక్కసారిగా లాగించాడు.

ఊఁ... ఊఁ... ఊఁ...

కాళ్ళ కిందనుంచే మూలుగు. సీటంతా వణుకు. మా పెద్దమ్మ కళ్ళు మూసేసుకుందట.

సువర్ణమ్మ మాత్రం చెవి ఒగ్గి వింది.

"కల్వర్టు దాటేసాం కదా," అంది మెల్లగా. "ఇక్కడ మళ్ళీ అలాగే స్లో సేసి లాగు."

"వొద్దమ్మా..."

"సెయ్యి బాబూ."

చేశాడు. అదే మూలుగు. ఇంకో మైలు పోయాక మళ్ళీ చేయించింది. అక్కడా అదే.

"నా పిల్ల ఇంతదూరం నీ ఎనకే పరిగెత్తుకొస్తందేటి?"

వీరేంద్ర బండి ఆపేశాడు. తల దించుకుని గొణిగాడు — "షోకుకి ఎనక బరువు మోసే కమాను పట్టీలు కొన్ని తీయించి బండి ఎత్తు తగ్గించానమ్మా. షెడ్డులో అప్పుడే సెప్పారు... ఎనక సక్రాల్ని తిప్పే షాఫ్టు వాలు తప్పుతాది, లోడుతో స్లో నుంచి లాగితే జాయింటు మూలుగుతాదని."

తెలిసీ నోరు మూసుకున్నాడన్నమాట. చచ్చిన పిల్లకి దెయ్యం పేరు అంటగట్టాడు గానీ బండి షోకు వదల్లేదు. థూ.

"పోన్లే," అంది సువర్ణమ్మ. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. "బేగి ఎల్లి మీవోళ్ళకి సెప్పు. అమావాస్య ఇంకా రాలేదు కదా."

వీరేంద్ర కదల్లేదు.

"ఏటి?"

"మేకులు... పొద్దున్నే కొట్టేశామమ్మా. అమావాస్యకి మంత్రగాడికి వేరే ఊళ్ళో పనుందట..."

ఆవిడ ఏడవలేదట. సీటు కింద తడిమి, పనిముట్ల సంచి లాగి, అతని ఒళ్ళో పెట్టింది.

"బండి సమాధుల తోటకి తిప్పు," అంది. "పీకేది కూడా నువ్వే."