మడ్‌గార్డు అద్దాలు

తలుపు తట్టకుండానే లోపలికి వచ్చిన ఆమె చేతిలోని సంచిని డిటెక్టివ్ బల్ల మీద ధడేలుమని పెట్టింది. యాభై ఏళ్లుంటాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. గోళ్ల చివర్లలో, ఎంత కడిగినా పోని నలుపు.

“నన్ను మోసగత్తె అన్నారండీ. చాటుగా కూడా కాదు. మైకులో, వందమంది ముందు అన్నారు.”

డిటెక్టివ్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన్ని అందరూ సూదిగారు అంటారు. గడ్డివాములో పడ్డదాన్నైనా వెతికి తీస్తాడని ఒక పాత కక్షిదారు పెట్టిన పేరు అది. పక్క కుర్చీలో ఉన్న ఆయన సహాయకురాలు ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆరేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నా, కొత్త కేసు వచ్చిన ప్రతిసారీ మొదటి రోజులాగే ఉత్సాహపడుతుంది. అప్పటికే పెన్సిలు తీసి సిద్ధంగా ఉంది.

“కూర్చోండమ్మా. మొదటినుంచి చెప్పండి,” అన్నాడు సూదిగారు.

ఆమె కూర్చోలేదు. కార్లకు డెంటింగు, రేకు పని చేసే షెడ్డు ఆమెది. అందరూ మేస్త్రమ్మ అంటారు. అరవై ఏళ్ల కిందట తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి, వాళ్ల నాన్న తుక్కు కింద కొని, బాగుచేయడం పూర్తికాకుండానే కన్నుమూశాడు. ఆ ముక్కల్ని పదకొండేళ్లు కష్టపడి ఆమె మళ్లీ కారుగా నిలబెట్టింది.

“అంతా కుదిరింది గానీ సైడు అద్దాల దగ్గర ఆగిపోయానండీ. తలుపు మీద పెట్టాలని కొందరు, తూటా ఆకారంలో ఉండేవే సరైనవని కొందరు. ఇలా కాదని చివరికి బండినే అడిగాను.”

“బండినా?”

“ఏడు పొరల రంగు గీకాను. ముందు మడ్‌గార్డుల మీద అయస్కాంతం పెట్టి చూస్తే రెండుచోట్ల అంటుకోకుండా జారిపడింది. ఏంటా అని చూస్తే పాత బెజ్జాలు! ఎవరో సీసం పోసి పూడ్చేశారు.” ఆమె సంచిలోంచి రెండు సీసం బిళ్లలు తీసి బల్ల మీద పెట్టింది. “అంటే ఆ ఏడాది బండ్లకి అద్దాలు మడ్‌గార్డు మీదే ఉండేవి. తలుపు మీదవి మూడేళ్ల తర్వాత వచ్చిన ఫ్యాషను. అప్పుడు ఆ అద్దాల కోసం పడ్డాను. రెండేళ్లు తిరిగాను. ఒకటి పాత మంగలి షాపులో దొరికింది, దాంట్లో చూసుకుని గడ్డాలు గీయించుకుంటున్నారు. రెండోది ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఇంట్లో. గుండ్రటివి, పొట్టి కాడ, చదును గాజు.”

“తర్వాత?”

“సోమవారం సాయంత్రం బండిని పాతకార్ల క్లబ్బు షెడ్డులో అప్పగించాను. బుధవారం పొద్దున పరీక్ష. అందరిముందూ పరీక్షకుడు ‘ఈ అద్దాలు నకలు’ అన్నాడు. ఒళ్లు మండి దగ్గరికెళ్లి చూద్దును కదా, నిజంగానే నకలేనండీ! అవి నావి కావు. ఆ మాటంటే ఒక్కడూ నమ్మడే!”

“బిగించినప్పుడు మీకు మాత్రమే తెలిసిన గుర్తేదైనా ఉందా?”

మొదటిసారి ఆమె చూపు కిందికి దిగింది. “ఉంది. అడుగున వాషర్లు. అసలువి దొరక్క పాత సైకిల్ ట్యూబు కోసి వేశాను. బయటికి కనపడకుండా అంచుకన్నా వెంట్రుకవాసి చిన్నవిగా కోశాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.”

“ఇప్పుడు క్లబ్బు ఏమంటోంది?”

“శనివారంలోగా తప్పు ఒప్పుకుని క్షమాపణ రాసివ్వాలట. లేకపోతే పేరు కొట్టేస్తారట. ఇప్పటికే ఇద్దరు తమ బండ్లు నా షెడ్డులోంచి తోలుకుపోయారు. ఒక్క కాయితంతో గొడవ వదిలిపోతుంది, రాసెయ్ అంటున్నాడు మా ఆయన. నేను రాయనండీ. చెయ్యని తప్పుకి ఒక్క అక్షరం కూడా రాయను.”

“రాయొద్దు,” అన్నాడు సూదిగారు, టోపీ అందుకుంటూ.

క్లబ్బు షెడ్డు పొడవాటి రేకుల కట్టడం. పన్నెండు కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వెనక గోడకు ఒక పెద్ద గడియారం, దానికి అటూ ఇటూ రెండు కిటికీలు. మేస్త్రమ్మ కారు సోమవారం దింపిన మూలలోనే, వెలివేసినట్టు ఉంది. ముదురాకుపచ్చ రంగు మీద చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు.

సూదిగారు ముందు భూతద్దం తీసి అద్దాల మొదళ్లు పరిశీలించాడు. లోహం రంగుకు అతుక్కుపోయినట్టుంది. మధ్యలో మరేదీ కనిపించలేదు. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని కుడివైపు అద్దంలోకి చూసి, సహాయకురాలిని పిలిచాడు.

“ఏం కనిపిస్తోంది?”

ఆమె వంగి చూసింది. “అన్నీ కనిపిస్తున్నాయి సార్. గోడ మొత్తం, రెండు కిటికీలు, తలుపు. గడియారం మాత్రం ఆవగింజంత ఉంది.”

“అదే చిక్కు. మరీ ఎక్కువ కనిపిస్తోంది,” అన్నాడాయన. అంతకు మించి చెప్పలేదు. ఆమె ఆ మాటను పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తడుముకోకుండా చెప్పాడు. సోమవారం రాత్రి తాళం వేశాక పరీక్ష దాకా షెడ్డులోకి వెళ్లిన క్లబ్బువాళ్లు ముగ్గురే, అదీ మంగళవారమే. పొద్దున ఫొటోగ్రాఫరు, ఉన్నంతసేపూ దీపం పట్టుకుని వాచ్‌మనే పక్కన నిలబడ్డాడు. మధ్యాహ్నం పరీక్షకుడు, ఇంజను నంబర్లు రాసుకుంటానని రెండు గంటలు ఒంటరిగా ఉన్నాడు. సాయంత్రం ప్రెసిడెంటు, ఇద్దరు అతిథులకు కార్లు చూపించి వెళ్లాడు.

క్లబ్బుకు వచ్చే ప్రతి కారునూ, దింపిన వెంటనే ఫొటో తీయడం ఫొటోగ్రాఫరు పని. మేస్త్రమ్మ కారుకు సోమవారం తీసిన ఫొటో అడిగితే తెచ్చి ఇచ్చాడు.

“డ్రైవరు సీటు వెనక నిలబడి తీశానండి. స్టీరింగు, బానెట్టు, అద్దం అన్నీ ఒకే దాంట్లో వచ్చాయి. బాగుంది కదండీ?”

సహాయకురాలు తొంగి చూసింది. కుడివైపు అద్దంలో గడియారం కనిపిస్తోంది. అదీ మొత్తం కాదు, సగం డయలు. అంకెలు తిరగబడి ఉన్నా ఒక్కొక్కటీ చదవొచ్చు.

“చాలా బాగుంది,” అంటూ సూదిగారు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ప్రెసిడెంటు తన గదిలో కుర్చీ అంచున కూర్చుని మాట్లాడాడు. “స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా నాకు తెలీదండీ. ఆవిడ ఒక్క కాయితం రాసిచ్చేస్తే అందరం హాయిగా ఉంటాం.”

“ఆవిడ తప్ప,” అన్నాడు సూదిగారు.

పరీక్షకుడు మాత్రం తీరిగ్గా, నిండుగా మాట్లాడాడు. ఎప్పటి కారుకు ఏ బోల్టు వాడారో నోటికి చెప్పగలడు కాబట్టి ఆయనకు కేటలాగు అని పేరు. వరసలో మొదట నిలబెట్టిన ఎర్ర కారు ఆయనదే. మేస్త్రమ్మ కారుదీ దానిదీ ఒకే మోడలు, ఒకే ఏడాది. అద్దాలు మాత్రం తలుపుల మీద ఉన్నాయి. అయిదేళ్లుగా క్లబ్బు కప్పు దానికే వస్తోంది. దాన్ని పరీక్షించేటప్పుడు మాత్రం ఆయన పక్కకు తప్పుకుంటాడు. కానీ ఏ కారుకు ఏ భాగం సరైనదో ఆయన రాసిన పట్టికనే అందరూ పాటిస్తారు.

“ఆ అద్దాలు నకలని ఎలా పట్టుకున్నారు?”

“చూపుతో. నలభై ఏళ్ల అనుభవమండీ. ఆరడుగుల దూరం నుంచి చెప్తాను.”

“విప్పి చూడలేదా?”

“ముట్టుకోనే ముట్టుకోలేదు! పరీక్షించేవాడు బండి మీద చెయ్యి వేయకూడదు. ఆ నిబంధన రాసింది నేనే.”

“మంగళవారం కూడా?”

“ఎప్పుడూ. ఆవిడ గొప్పగా చెప్పుకుంటోంది గానీ, అది అసలు పాతకాలం పనే కాదండీ. కింద సైకిల్ ట్యూబు ముక్కలేసి బిగించినదానికి సరైన అద్దాలని పేరు! నవ్వొస్తుంది నాకు.”

సహాయకురాలి పెన్సిలు ఠక్కున ఆగింది. సూదిగారి మొహంలో ఏమీ మారలేదు. ఆయన లేచి, ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టాడు.

శనివారం పదిగంటలకు క్లబ్బు సభ్యులంతా షెడ్డులో గుమిగూడారు. ముందువరసలో ప్రెసిడెంటు తెల్ల కాగితం, పెన్నూ పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రమ్మ చేతులు కట్టుకుని తన కారు పక్కనే ఉంది. ఆ కాగితం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

“ముందొక ఫొటో తీయాలి,” అన్నాడు సూదిగారు. సోమవారం నిలబడ్డ చోటే ఫొటోగ్రాఫరును నిలబెట్టి, అదే కెమెరాతో మళ్లీ తీయించాడు. కెమెరా తెర మీది కొత్త ఫొటోనూ, జేబులోని పాత ఫొటోనూ పక్కపక్కన పెట్టి ప్రెసిడెంటుకు చూపించాడు.

“తేడా చెప్పండి.”

ప్రెసిడెంటు కళ్లద్దాలు సవరించుకున్నాడు. “పాతదాంట్లో గడియారం సగమే ఉంది. పెద్దగా ఉంది. కొత్తదాంట్లో గోడ మొత్తం పట్టింది...”

“కారు కదల్లేదు. గడియారం కదల్లేదు. ఫొటోగ్రాఫరు అక్కడే నిలబడ్డాడు. మారింది గాజు. పాత అద్దాలది చదును గాజు. అందులో కాస్తంత మేరే, ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఈ నకలుది ఉబ్బెత్తు గాజు. ఎక్కువ చూపిస్తుంది, చిన్నదిగా చూపిస్తుంది. అంటే సోమవారం సాయంత్రం ఈ కారు మీద ఉన్నవి చదును గాజువి. బుధవారం ఉన్నవి వేరు. మధ్యలో ఈ షెడ్డులోనే ఎవరో మార్చారు.”

గుంపులో గుసగుస లేచింది. మేస్త్రమ్మ గడ్డం కొంచెం పైకి లేచింది.

“ఎవరు?” అన్నాడు ప్రెసిడెంటు.

సూదిగారు మేస్త్రమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, ఒక అద్దం విప్పండి.”

ఆమె స్పానరు తీసి రెండు నిమిషాల్లో విప్పింది. అడుగున నల్లటి రబ్బరు బిళ్ల.

“సైకిల్ ట్యూబు. విప్పితే తప్ప కనిపించదు. భూతద్దం పెట్టి వెతికినా నాకు కనిపించలేదు. ఈమె ఎవరికీ చెప్పలేదు. కానీ అద్దాలు ముట్టుకోనే లేదన్న పెద్దమనిషి ఒకరు, గురువారం నాడు దీని గురించి నాకు చెప్పి నవ్వారు. మంగళవారం రెండు గంటలు ఇక్కడ ఒంటరిగా ఉన్నదీ ఆయనే.”

అందరి తలలూ ఒక్కసారిగా కేటలాగు వైపు తిరిగాయి.

“ఇదేం అన్యాయమండీ! ఎక్కడో విని ఉంటాను. నాకెందుకీ పని? నాకేం తక్కువ?”

“అదే నన్నూ తొలిచింది. అందుకే ఇది తెచ్చుకున్నాను.” సూదిగారు జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. ఎర్ర కారు దగ్గరికి వెళ్లి ముందు మడ్‌గార్డు మీద, మేస్త్రమ్మ కారుకు బెజ్జం ఉన్నచోటే పెట్టాడు. అయస్కాంతం జారి నేల మీద ఠంగుమంది. రెండో మడ్‌గార్డు మీదా అంతే. జానెడు పక్కన పెడితే టక్కున అంటుకుంది.

“ఈ కారుకూ అద్దాలు ఇక్కడే ఉండేవి. సీసం పోసి పూడ్చారు. మేస్త్రమ్మ అద్దాలు సరైనవని ఒప్పుకుంటే, అయిదేళ్లు కప్పు గెలిచిన ఈ కారు తప్పు. నలభై ఏళ్ల పట్టిక తప్పు.”

“ఊహలు! అన్నీ ఊహలు!” కేటలాగు గొంతు పెద్దదైంది.

మేస్త్రమ్మ ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. “నా అద్దాలు పగలగొట్టారా?”

“పగలగొట్టడమా!” ఆయన నిజంగానే ఉలిక్కిపడ్డాడు. “మతుండే మాట్లాడుతున్నావా? అలాంటి జత మళ్లీ పుడుతుందా? ఉన్ని గుడ్డలో...”

ఆయన నాలుక కరుచుకున్నాడు.

తర్వాత, ఎవరూ అడగకుండానే తన కారు డిక్కీ తెరిచి, ఉన్ని గుడ్డలో చుట్టిన రెండు గుండ్రటి అద్దాలు తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. “కుర్రతనంలో ఆ బెజ్జాలు నేనే పూడ్చాను. అప్పుడు తెలీదు. తెలిశాక చెప్పలేకపోయాను,” అన్నాడు, ఆమెకు మాత్రమే వినిపించేలా.

“నాన్న పోయేదాకా మీ పట్టిక చదువుతూనే ఉన్నాడండీ,” అంది మేస్త్రమ్మ. “తలుపు మీద అద్దాలు కుదరక, తప్పు తనదే అనుకుని పోయాడు.”



ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. “జరిగిందేదో జరిగింది. ఇది మనలో మనం సర్దుకుని, రేపు ప్రదర్శనలో మేస్త్రమ్మగారికి మహిళల ప్రోత్సాహక బహుమతి...”

“ఆగండి. నన్ను మోసగత్తె అన్నది మైకులో. కాదన్నదీ మైకులోనే అనాలి. ఇప్పుడే. ఆ ప్రోత్సాహం మీరే ఉంచుకోండి. బండిని అందరి బండ్లతో పాటు వరసలో పెట్టండి. బయటి ఊరి నుంచి పరీక్షకుణ్ణి పిలవండి. అప్పుడు ఓడితే ఓడతాను.”

“మైకు ఇప్పుడు ఎక్కడ...”

“నేను తెస్తానండీ,” అంటూ ఫొటోగ్రాఫరు అప్పటికే పరుగెత్తాడు.

ప్రెసిడెంటు మైకు పట్టుకుని, చెమట తుడుచుకుంటూ, అనాల్సిన మాటలన్నీ అన్నాడు. ఒకచోట గొంతు తగ్గిస్తే, వెనక వరసలోంచి సహాయకురాలు “వినపడ్డం లేదండీ!” అని అరిచింది.

ఆదివారం కొత్త పరీక్షకురాలు వచ్చింది. ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో మేస్త్రమ్మ కారు చుట్టూ ముప్పావుగంట తిరిగింది. మడ్‌గార్డు అద్దాలకు పూర్తి మార్కులు వేసింది. చివరికి మోకాళ్ల మీద కూర్చుని డాష్‌బోర్డు కిందికి టార్చి వేసింది.

“ఇక్కడొక స్క్రూ చూడండి. తల మీద ప్లస్ గుర్తుంది. ఈ మోడలుకు ఇక్కడ గీత గుర్తువే వాడేవారు. రెండు మార్కులు తగ్గుతాయి. మీకు రెండో స్థానం వస్తుంది.”

సూదిగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మేస్త్రమ్మ టార్చి తీసుకుని, వెల్లకిలా పడుకుని, డాష్‌బోర్డు కిందికి తల దూర్చి చూసింది. బయటికి వచ్చాక ఒంటి మీది దుమ్ము దులుపుకోలేదు.

“నిజమే. నేను బిగించిందే. పెన్నివ్వండి,” అని మార్కుల కాగితం అందుకుని, కింద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది.