డెస్‌కి సర్దిన బ్యాగు

ముందు రెండు చొక్కాలు పెట్టింది గ్లెనిస్. తర్వాత ఒక ప్యాంటు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. బ్యాగు ఎత్తి చూసింది. తేలిగ్గా ఉంది. మెల్‌బోర్న్ టెలిఫోన్ డైరెక్టరీలు రెండు తెచ్చి అడుగున కుక్కి మళ్ళీ ఎత్తింది. ఈసారి భుజం కాస్త వంగింది. సరిపోయింది.

తలుపు వైపు ఒకసారి చూసి, తన సంచీలోంచి ముదురు నీలం ఉన్ని స్వెటర్ తీసి చొక్కాల కింద దూర్చి, గబగబా జిప్పు లాగేసింది. లాగాక మళ్ళీ తెరిచింది. స్వెటర్ బయటికి తీయబోయి, తీయలేక, మళ్ళీ మూసింది. ఆ పొద్దున అలా నాలుగుసార్లు.

బ్యాగు డెస్‌ది. డెస్ అనే మనిషి లోకంలో లేడు. 'క్వారీ వీధి' అని ప్రతి సాయంత్రం ఏడింటికి టీవీలో వచ్చే సీరియల్లో కారు మెకానిక్కు అతను. ఆరేళ్ళుగా ఆ వేషం వేస్తున్నవాడు కెల్విన్ ఓడ్గర్స్. నటులు చేత్తో పట్టుకునే ప్రతి వస్తువూ, టీకప్పు నుంచి తుపాకీ దాకా, సిద్ధం చేసి ఇచ్చే పని గ్లెనిస్‌ది. ఇవాళ డెస్ ఆ వీధి వదిలి వెళ్ళిపోతున్నాడు. డెస్‌తోపాటు కెల్విన్ కూడా సీరియల్ వదిలేస్తున్నాడు. లండన్‌లో పెద్ద సినిమా వచ్చిందని పేపర్లో ఫోటోతో సహా వేశారు.

ఈ రెండు వెళ్ళడాల్లో గ్లెనిస్‌కి నిద్ర లేకుండా చేస్తున్నది ఏదో వేరే చెప్పక్కర్లేదు.

*

వాళ్ళిద్దరి పరిచయం కూడా ఒక పెట్టె దగ్గరే మొదలైంది. రెండేళ్ళ క్రితం, ఆమె పనిలో చేరిన మొదటి రోజు. డెస్ చేపల వేటకి నాలుగు రోజులు వెళ్తున్నాడు. కెల్విన్ పెద్ద సూట్‌కేసుని ఒక్క వేలికి తగిలించుకుని, ఈల వేసుకుంటూ గుమ్మం దిగాడు.

"ఆపండి!"

డైరెక్టర్ కాదు, గ్లెనిస్ అరిచింది. కెమెరా నడుస్తుండగా నోరెత్తే హక్కు ఆమెకి లేదు. సెట్టంతా బిత్తరపోయింది.

"ఆ పెట్టెలో ఏముంది?" అని అడిగింది.

కెల్విన్ పెట్టెకేసి చూసుకున్నాడు. "ఏమీ లేదు. నటన ఉంది."

"అది కూడా ఉన్నట్టు లేదు."

లైట్లు పట్టుకున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. కెల్విన్ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు అదే పెట్టె ఎత్తబోయి ముందుకి తూలాడు. లోపల నాలుగు ఇటుకలున్నాయి.

"అమ్మా బరువులమ్మా! నా చెయ్యి ఊడొచ్చింది!"

"తీసుకురా, జిగురుంది. విరిగినవన్నీ అతికించడం నా పనేగా."

అప్పట్నుంచి ఆమె పేరు బరువులమ్మే. అతను మాంసం కూరిన రొట్టె చేతిలో పట్టుకుని రోజూ మధ్యాహ్నం సామాను గదికి వచ్చేవాడు. కూర్చోడు. తింటూ తిరుగుతాడు. గడియారాలు తిప్పుతాడు, దొంగ నోట్లు లెక్కపెడతాడు, ప్లాస్టిక్ అరటిపండు కొరికి చూస్తాడు. బెండిగో అనే ఊరి నుంచి పంతొమ్మిదేళ్ళకి వచ్చినవాడు. మొదట పోలీసుల సీరియల్లో ఏడాదిపాటు దొంగ, తర్వాత రెండు సినిమాలు. ఒకదాంట్లో పశువుల వెంట దుమ్ములో ఎనిమిది వారాలు నడిస్తే తెరమీద నాలుగు నిమిషాలు కనిపించాడు. ఆ తర్వాత డెస్.

"ఒక్క నిమిషం కుదురుగా ఉండలేవా, హీరోగారూ?"

"కూర్చుంటే డెస్ వచ్చేస్తాడు. వాడెప్పుడూ కూర్చునే ఉంటాడు."

ఒకరోజు అడిగాడు: "అయినా ఖాళీ పెట్టెలంటే నీకెందుకంత కోపం?"

ఆమె చెప్పదలచుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. తనకి ఏడేళ్ళప్పుడు, మార్చి నెలలో, రెండు రోజుల్లో వస్తానని నాన్న బయలుదేరాడు. ఆయన బ్యాగు గేటు దాకా తనే మోసింది. ఒంటిచేత్తో మోసేంత తేలిగ్గా ఉంది. బరువు లేదు కాబట్టి తొందరగానే వచ్చేస్తాడని సంబరపడింది. ఆ ఇంట్లోంచి ఆయనకి ఏదీ అక్కర్లేకనే బ్యాగు అంత తేలిగ్గా ఉందని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కెల్విన్ మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. ఏ జోకూ వేయలేదు. తర్వాత ఎప్పుడు బ్యాగు సీను వచ్చినా, షాటుకి ముందు తనే ఒక ఇటుక తెచ్చి అందులో పెట్టేవాడు.

ఆ ఇటుకలే ఆమె కొంప ముంచాయి. ప్రేమించానని ఆమెకి తెలిసింది. అతనికి చెప్పలేదు. అతనూ ఏమీ చెప్పలేదు.

*

'క్వారీ వీధి' వాళ్ళలో ఒక మాట ఉండేది: క్వీన్స్‌లాండ్. ఉత్తరాన ఎండలు మండే రాష్ట్రం అది. కథలో ఎవరితో పని తీరిపోతే వాళ్ళని బస్సెక్కించి క్వీన్స్‌లాండ్ పంపేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎప్పుడైనా తిరిగి రావచ్చు. అత్తలు వచ్చారు, మాజీ భర్తలు వచ్చారు, ఒక కుక్క కూడా వచ్చింది. చచ్చిపోతే మాత్రం అంతే. అందుకే బుద్ధున్న నటుడెవడూ చావు కోరుకోడు. బయట సినిమాలు ఆడకపోతే తిరిగి చేరడానికి దారి ఉంచుకుంటాడు.

మూడు వారాల క్రితం కొత్త స్క్రిప్టు గ్లెనిస్ చేతికి వచ్చింది. తొమ్మిదో పేజీలో డెస్ సముద్రంలో మునిగిపోతున్నాడు.

కథలు రాసే ఉనా గదికి పరుగున వెళ్ళింది. ఉనాకి అరవై దాటాయి. ఇప్పటిదాకా ఆమె చంపినవాళ్ళు పదకొండుమంది. అల్లిక సూదులతో తల గోక్కుంటూ టీ తాగుతోంది.

"డెస్‌ని చంపేస్తారా!"

"వాడే అడిగాడు పిల్లా. బస్సెక్కించొద్దు, ముంచెయ్యండి అన్నాడు. ఇన్నేళ్ళలో ఇలా అడిగినవాణ్ణి చూడలేదు."

 తిరిగొచ్చే దారి కూడా వద్దన్నాడన్నమాట. అదీ తేలికైన బ్యాగే.

"ఉనా, క్వీన్స్‌లాండ్ పంపించండి. మీకు పుణ్యముంటుంది."

"నీకెందుకే అంత బాధ?"

"మా అమ్మ తట్టుకోలేదు. డెస్ అంటే ప్రాణం."

"మీ అమ్మకా?" ఉనా కళ్ళజోడు మీదుగా చూసింది. "సరే. మీ అమ్మ కోసం." పేజీ చింపి చెత్తబుట్టలో వేసింది.

*

జిప్పు నాలుగోసారి మూస్తుండగా కెల్విన్ వచ్చాడు. ఎప్పటికంటే ఎక్కువ తిరుగుతున్నాడు. కిటికీ దాకా, తలుపు దాకా, మళ్ళీ కిటికీ దాకా.

"నన్నెవరో బతికించారు," అన్నాడు.

"సంతోషించు."

"బాగా చచ్చిపోతున్నవాణ్ణి! నీళ్ళ షాటుకి తేదీ కూడా ఇచ్చారు. ఎవరో ఉనా దగ్గర ఏడ్చారని ఇవాళే తెలిసింది. ఎవరో తెలుసా?"

గ్లెనిస్ బ్యాగు పట్టీ సరిచేసింది. ఆ పట్టీ సరిగ్గానే ఉంది.

"బరువులమ్మా! నువ్వా?"

"అయితే ఏం? తిరిగొచ్చే దారుంటే నీకొచ్చిన నష్టమేంటి?"

"నష్టమే! వాళ్ళు పిలుస్తూనే ఉంటారు. నేను డెస్‌గానే ముసలాణ్ణయిపోతాను. నన్నెందుకు బతికించావ్?"

"నువ్వు మునిగిపోతే చూడలేక!" అని అరిచింది గ్లెనిస్. అరిచాక భయపడి, "అమ్మ... మా అమ్మ చూసి తట్టుకోలేదు," అని సర్దుకుంది.

అతను ఆగాడు. ఏదో అనబోయాడు. బయట నుంచి షాటుకి కేకేశారు. బ్యాగు ఎత్తుకుని, భుజం వాల్చుకుని వెళ్ళిపోయాడు.

*

షూటింగు నిజం వీధిలోనే. అక్టోబరు నెల. పొద్దున ఎండ కాసింది, పదకొండుకి గాలి, పన్నెండుకి వాన. మెల్‌బోర్న్ వానకి పద్ధతంటూ ఉండదు. పక్కనుంచి వచ్చి, గొడుగుని వెక్కిరించి, పోయినట్టే పోయి మళ్ళీ వస్తుంది.

క్వీన్స్‌లాండ్ రాజధాని 'బ్రిస్బేన్' పేరు బోర్డు తగిలించిన అద్దె బస్సు నిలబడి ఉంది. కెల్విన్ బస్సు మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, "మీరు టీ పెట్టేలోపు వచ్చేస్తాను" అనాలి. మొదటిసారి మాట మర్చిపోయాడు. రెండోసారి మాట వచ్చింది, ఎటో చూశాడు. మూడోసారి చెప్పాల్సినవాళ్ళకేసి కాకుండా, కెమెరా వెనక గొడుగు పట్టుకున్న గ్లెనిస్‌కేసి చూసి అన్నాడు. డైరెక్టర్‌కి అదే నచ్చింది.

బస్సు కదిలింది. చర్చి దగ్గర మలుపు తిరిగి, చుట్టూ తిరిగి ఐదు నిమిషాల్లో వెనక్కి రావాలి.

ఐదు నిమిషాలయ్యాయి. పదయ్యాయి. కెమెరాలు కప్పేశారు. ఇరవై.

"టీ తాగుతున్నాడేమో," అన్నారెవరో.

గ్లెనిస్ డెస్ ఇంటి గేటు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. విమానాశ్రయం ఎటువైపు? అటే. అటు నుంచి అటే వెళ్ళిపోయాడా? అందుకేనా మూడోసారి అలా చూశాడు? ముప్పై ఐదు నిమిషాలకి ఆమె గొడుగు కూడా మర్చిపోయి వానలో చర్చి వైపు నడిచింది. నడిచానని అనుకుంది. నిజానికి పరిగెత్తింది.

మలుపు దాటగానే కనిపించాడు. బస్సు లేదు. నెత్తి మీద నుంచి నీళ్ళు కారుతూ, ఎడమ భుజం కిందికి వాలిపోయి, ప్రతి ఇరవై అడుగులకీ చెయ్యి మార్చుకుంటూ, ఆ బ్యాగు మోసుకొస్తున్నాడు.

"బస్సేది?" అని అరిచింది గ్లెనిస్.

"ఫుట్‌స్క్రే మార్కెట్‌కి వెళ్ళింది."

"ఏంటి?"

"చర్చి దగ్గర నిజం స్టాపులో ఒక ముసలామె బస్సాపి ఎక్కేసింది. బోర్డు చూడలేదు. నన్ను చూసి, డెస్సూ, మార్కెట్లో దింపు నాయనా అంది. డ్రైవర్ కాదనలేకపోయాడు. నేను మైలు అవతల దిగిపోయాను."

"మరి బ్యాగెందుకు మోసుకొచ్చావ్? అందులో ఉన్నవి టెలిఫోన్ డైరెక్టరీలేగా! బస్సులో వదిలేసి రావచ్చుగా?"

"అందులో ఏముందో చూశాను."



కెల్విన్ బ్యాగు కింద పెట్టి, జిప్పు తీసి, నీలం స్వెటర్ పైకి లాగాడు. "డెస్ ఎక్కడికి వెళ్తున్నాడు?"

"క్వీన్స్‌లాండ్."

"అక్కడ ఎండ ఎలా ఉంటుంది?"

ఆమె స్వెటర్ లాక్కోబోయింది. అతను ఇవ్వలేదు.

"రెండేళ్ళుగా చూస్తున్నాను. టీకప్పులో టీ ఎంత ఉందో కూడా తప్పు పోనివ్వని మనిషివి. క్వీన్స్‌లాండ్ వెళ్ళేవాడికి ఉన్ని స్వెటర్ సర్దావా?"

"పొరపాటున..."

"కొలత కూడా డెస్‌ది కాదు. డెస్ బట్టల్లో నన్ను లావుగా చూపించడానికి దూది పెడతారు. ఇది నా కొలత." స్వెటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎడమ చెయ్యి కాస్త పొడుగు."

"బ్యాగు మోసీ మోసీ అదే సాగుతుందిలే!" అంది కోపంగా. కళ్ళల్లో నీళ్ళు వానలో కలిసిపోయి ఎవరికీ కనపడవని ధైర్యం. "లండన్లో చలి కదా అని అల్లాను. చాలా? వెళ్ళు. వేసుకో, మానుకో."

"లండన్ లేదు గ్లెనిస్."

బరువులమ్మా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

"పేపరువాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రాశారు. సీరియల్ కంపెనీకి అది ప్రచారం, కాదనలేదు. నా ఆఖరి భాగం టీవీలో వచ్చేదాకా నోరు విప్పనని నా చేత సంతకం పెట్టించారు. ఇప్పుడు నీకు చెప్పి అదీ తప్పుతున్నాను. నేను నటించడమే మానేస్తున్నాను. విలియమ్స్‌టౌన్‌లో ఒక పెద్దాయన చెక్క పడవలు బాగుచేస్తాడు. ఆరు నెలలుగా ఆదివారాలు వెళ్ళి నేర్చుకుంటున్నాను. ఫుట్‌స్క్రే నుంచి పావుగంట."

గ్లెనిస్ ఇల్లు ఫుట్‌స్క్రేలోనే.

"పద్నాలుగేళ్ళుగా ఎవరో రాసిన వీడ్కోళ్ళు చెప్తున్నాను. నాకు సొంతంగా ఒకచోట ఉండటం ఎలాగో తెలీదు. అందుకే ఉనాని ముంచెయ్యమన్నాను. పిలిస్తే వెళ్ళిపోతానేమోనని నా మీద నాకే భయం. నువ్వేమో నా కోసం తలుపు తెరిచి పెట్టావు. పిచ్చిదానా, నేను మూసెయ్యమన్నది లోపల ఉండిపోదామని!"

వాన పోయినట్టే పోయి మళ్ళీ వచ్చింది. గ్లెనిస్ చాలాసేపు బ్యాగుకేసే చూసింది.

"ఉంటావని నమ్మేదెలా?" అంది చివరికి. ఆ ప్రశ్న అతన్ని కాదు, ఇరవై రెండేళ్ళుగా తన లోపలే తిరుగుతున్న ఎవరినో అడిగినట్టు అడిగింది.

"నమ్మకు. రోజూ చూసుకో." కెల్విన్ తడిసిన చొక్కా మీదే స్వెటర్ తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి నిజంగానే పొడుగు, వేళ్ళు కూడా కనిపించడం లేదు. ఆ చేత్తోనే బ్యాగు అందుకున్నాడు. "పట్టు, రెండో పట్టీ. ఒక్కణ్ణే మోయలేను. ఏం కుక్కావమ్మా ఇందులో!"

ఆమె రెండో పట్టీ పట్టుకుంది.

*

నవంబరులో ఆ భాగం టీవీలో వచ్చింది. గ్లెనిస్ తల్లి బెరిల్ ముందుగదిలో సోఫా మీద మధ్యలో కూర్చుంది. అటు కూతురు, ఇటు కెల్విన్. కెల్విన్ వేళ్ళ సందుల్లో పడవలకి పూసే తారు ఇంకా పోలేదు. టీవీలో డెస్ బస్సెక్కాడు. టీ పెట్టేలోపు వచ్చేస్తానన్నాడు.

"అబద్ధాలకోరు!" అని బెరిల్ కళ్ళు తుడుచుకుంది. "అందరూ అలాగే అంటారు. వెధవ."

"నేనేనండీ అది," అన్నాడు కెల్విన్ మెల్లిగా.

"నువ్వు కాదులే అబ్బాయ్. నువ్విక్కడే ఉన్నావుగా." పళ్ళెంలో ఇంకో వేయించిన మాంసం ముక్క వేసింది. "ఆ వెళ్ళినవాడు మాత్రం రాడు. ఆ బ్యాగు చూశావా, ఎంత బరువో. అన్నీ పట్టుకుపోయాడు."

గ్లెనిస్, కెల్విన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు ఆపుకోలేక కెల్విన్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అతను లేవగానే గ్లెనిస్ చూపు అలవాటుగా గుమ్మం వైపు పోయింది. కెటిల్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించాక వెనక్కి వచ్చింది. పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు ఆమెకి ఆ అలవాటు పోలేదు. అతను ఎప్పుడు లేచినా, ఎటు వెళ్తున్నాడో చెప్పి లేచేవాడు.

కంపెనీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. డెస్‌ని వెనక్కి రప్పిస్తామన్నారు, ఎంతైనా ఇస్తామన్నారు. మూడోసారి ఫోను గ్లెనిస్సే తీసి, అతను పడవ కింద ఉన్నాడు, రాడు అని చెప్పి పెట్టేసింది.

బెరిల్ ముందుగదిలోంచి బ్యాగు పట్టుకుని వెళ్ళి, తిరిగి రానివాళ్ళు ఇద్దరు. గ్లెనిస్ తండ్రి, 1964 మార్చిలో. డెస్, 1986 నవంబరు 14, శుక్రవారం సాయంత్రం.