దీవి ఒర్రెలో ముడి

"నాలుగింటికి గీ గుట్ట మీదికెల్లి బాంబు డ్రోన్ లేస్తది. ప్రాజెక్టు గేట్లు పేలుస్తది." చీఫ్ బాలకిషన్‌రావు ఫొటో ముందుకు తోశాడు. ముంపులో మునగకుండా మిగిలిన గుట్ట, ఇప్పుడు దీవి. "విదేశీ ముఠా. మనోళ్లల్ల ఒకరు దారి చూపుతున్నరు. ఎవరో తెల్వదు."

ఏజెంట్ ఓంప్రకాశ్ గడియారం చూశాడు. గేట్లు పోతే ముందు మునిగేది తన వాడ. కన్నతల్లి, అవ్వ గంగుబాయి ఈ పూట కూడా అక్కడే సాంచాల దగ్గర నిలబడి మరమగ్గం నడుపుతుంటుంది.

"ఖాళీ చేయిస్తే?"

"వాళ్లకు తెలిస్తే ఇప్పుడే లేపుతరు."

మూడున్నరకు చేపలవాడి వేషంలో, భుజాన విసురువలతో పడవ ఎక్కాడు. పక్కన ఏజెంట్ మధులిక. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. దొరలింటి బిడ్డను, బట్ట కట్టడమే తప్ప నేయడం ఎరగనని నవ్వుతూ చెప్పుకునే మనిషి. దీవికి రావడం ఇదే మొదటిసారి అంది.

పైకి ఒకటే దారి, నీళ్లలోకి నిట్టనిలువుగా దిగిన ఒర్రె, ఎండిన వాగు సందు. రెండువైపులా నల్లరాయి, కాలు పెడితే జారే గులకలు. ఒక్క పిట్ట కూయడం లేదు. పిట్టలు ఊరికే నోరు మూసుకోవు.

మడమల ఎత్తులో అడ్డంగా అలారం దారం. తాకితే ఎక్కడో దూరం నుంచి డ్రోన్ నడిపే ముఠా ఫోన్ మోగుతుంది. దారం ఎప్పుడో తెగినట్టుంది, నడుమ నువ్వుగింజంత ముడి, కొసలు కొరికి ఉన్నాయి. ఓంప్రకాశ్ వంగి చూశాడు. సాంచాల మీద పెరిగిన చేయి తప్ప ఆ ముడి వేయలేదు.

తువ్వాల అంచు నుంచి పోగు లాగాడు. "జర గీ కొస పట్టు."

ఆమె పట్టుకుంది. అతను టక్కున తెంపాడు. ఆమె వేళ్లు రెండు కొసలూ కలిపి, ముడివేసి, పళ్ల దాకా తీసుకుపోయాయి.

"దొరోరి బిడ్డకు గీ ముడి ఎవలు నేర్పిన్రు?" ఓంప్రకాశ్ చేతిలో పిస్టల్ ఉంది.

ఆమె తన వేళ్లను తనే అసహ్యంగా చూసుకుంది. "మా అవ్వ. గా సాంచాల కాడనే సచ్చిపోయింది. ఒక్కలు చూడ రాలే. గా వాడ మునిగితే నాకేంది? డ్రోన్ లేవనీకి తొంభై సెకండ్లున్నయ్, పో."

ఆమెకు బేడీలు వేసి, దారం పక్కనే ఉన్న చెట్టు వేరుకు బిగించాడు. ఇక మోగినా ఒకటేనని అలారం దారాన్ని తెంపుకుంటూ పైకి ఎగబాకాడు. రాళ్లు జారాయి, మోకాళ్లు చీరుకుపోయాయి. అవ్వ, అవ్వ అనుకుంటూనే ఎక్కాడు.

కొనకు చేరేసరికి డ్రోన్ నేల విడిచింది. వల విసిరాడు. రెక్కలు చిక్కుకుని అది మట్టిలో కూలింది. కూలగానే బాంబు మీద సెకండ్ల అంకెలు తగ్గసాగాయి. ఫ్యూజ్ వైరు పీకాడు. అంకె రెండు దగ్గర ఆగింది.

కుంటుతూ దిగి వచ్చాడు. తను తెంపిన అలారం దారం మళ్లీ అతికి ఉంది. బేడీ చేతులతో మధులిక దాని పక్కనే కూర్చుంది.

"ఇంక దేనికి?"

"తెగింది గదా," అంది.