చెంచమ్మ పలకని పేరు

ఉప్పలపాలెంలో పొద్దు పేర్లతో మొదలవుతుంది.

"హర్షా, పాలు తాగు హర్షా." "నాన్నా రమణయ్యా, మందు వేసుకున్నావా రమణయ్యా?" అని ఇంటింటా కేకలు. ప్రతి గుమ్మం మీదా ఒక చెవిపలక ఉంటుంది. అరచేయంత నల్లని పలక. ఇంట్లో పలికిన ప్రతి మాటా వింటుంది. ఎవరు ఎవరిని ఎంత ప్రేమగా తలుస్తున్నారో గుర్తుపెట్టుకుంటుంది. పేరు పలికితేనే లెక్క. మనిషి పోయిన పన్నెండో రోజున ఆ మాటల్లోంచి మనోపత్రం తీస్తుంది. ఎవరికి ఏది చెందాలో అందులో ఉంటుంది. వీలునామాలు పోయాయి. దొంగ సంతకాలు, దాయాదుల తగువులు పోయాయని ప్రభుత్వం చెప్పింది. నిజమే. వాటితో పాటు మామూలు మాటా పోయింది. కన్నతండ్రిని కూడా పేరు పెట్టి పిలవందే జనానికి నిద్ర పట్టడం లేదు.

ఆ పొద్దున సింగరయ్య ఎవరి పేరూ పలకలేదు. ఇంట్లో అతనొక్కడే మిగిలాడు. నాయనమ్మ చెంచమ్మ మనోపత్రం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

అందులో ఉన్నది ఇంతే. ఇల్లు, మూడు ఉప్పు మడులు బెజవాడలో ఉండే చిన్న మనవడు నిశాంత్‌కి. పెద్ద మనవడు సింగరయ్యకి ఉప్పు లాగే చెక్క, ఆరు నెలలు ఆ ఇంట్లో ఉండే అనుమతి.

సింగరయ్యకి ముప్పై రెండేళ్లు. పదమూడో ఏట తుఫానులో తల్లీ తండ్రీ పోయారు. అప్పట్నుంచీ అతను ఆ మడుల్లోనే ఉన్నాడు. అరికాళ్లు ఉప్పుకి చీలి రాయి అయ్యాయి. చివరి రెండేళ్లూ నాయనమ్మను చంటిపిల్లలా ఎత్తుకుని నీళ్లు పోసింది అతనే. వేరే పని రాదు. చెక్క ఇచ్చారు. మడి లేకుండా ఆ చెక్కతో ఏం లాగాలి?

ఆస్తులు పంచే పంపకశాలలో అధికారి అరుంధతి బల్ల వెనక కూర్చుంది. చిన్న వయసు. ఆమె వెనక గోడంతా పెద్దపలక. ఊళ్లోని చెవిపలకలన్నీ విన్నది దాని కడుపులో ఉంటుంది. నిశాంత్ ముందే వచ్చి కూర్చున్నాడు. సింగరయ్య తనకు సాక్షిగా పక్కింటి కామాక్షమ్మను తెచ్చుకున్నాడు. ఆమెకు తోడుగా మొగుడు కూడా వచ్చాడు గానీ లోపలికి రానివ్వలేదు.

"మీకు ఎక్కువ భాగం ఎందుకు కావాలి?" అంది అరుంధతి.

"ఎక్కువ కాదమ్మా. నా కష్టం అడుగుతున్నా."

పెద్దపలక మర్యాదగా మాట్లాడింది. "పంతొమ్మిదేళ్లలో చెంచమ్మ గారు నిశాంత్ పేరు నాలుగు వేల సార్లు పలికారు. సింగరయ్య పేరు ఒక్కసారి కూడా పలకలేదు."

"ఎట్టా పలుకుద్ది? అది మా తాత పేరు. నేను పుట్టకముందే ఆయన పోతే ఆ పేరు నాకు పెట్టారు. మొగుడి పేరు ఆమె నోటంట తీయదు. అందుకే నన్ను పెద్దాయనా అనేది."

"ఆ మాట ఉంది. చాలాసార్లు ఉంది. అది చనిపోయిన భర్తతో మాట్లాడినట్టు నిర్ణయించాం. ముసలితనపు చిత్తభ్రమ కింద పక్కన పెట్టాం."

సింగరయ్య పలక వైపు తిరిగాడు. "మా నాయనమ్మకి పిచ్చా? ఏదీ, వినిపించండి."

పలక వినిపించింది. పళ్లు లేని నోట్లోంచి గాలి పోయే ఆ గొంతు శాలంతా నిండింది. "లేవండి పెద్దాయనా. కోడి కూసి గంటయింది. తమరు లేచిందాకా సూర్యుడు ఆగుతాడా?" ఇంకొకటి. "కాలు కోసుకున్నావంటగా పెద్దాయనా? దాచకు, ఇటు చూపించు."

"చచ్చినోడు కాలెట్టా కోసుకుంటాడు?" సింగరయ్య బల్ల మీద చరిచాడు. "చచ్చినోడిని నిద్ర లేపుతారా?"

"అన్నా, నా మీద కోపమెందుకు?" అన్నాడు నిశాంత్. "నేను రాసిందా ఇది?"

"నువ్వు రాయలేదులేరా. మూడేళ్లలో ఒక్కసారి వచ్చి చూడనూ లేదు. వారానికోసారి ఫోన్లో 'నిశాంత్‌ని నాయనమ్మా, నిశాంత్‌ని' అని నీ పేరు ఆమె చేత అనిపించావు."



అరుంధతి సాక్షిని పిలిచింది. "అవ్వా, మీ పేరు?"

"కామాక్షమ్మ."

"భర్త పేరు?"

కామాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరా? అమ్మో!"

"చెప్పాలి అవ్వా. చెప్పకపోతే సాక్ష్యం ఎక్కదు."

"విల్లు పట్టుకుని అడవికి పోయాడు చూడు, ఆ దేవుడి పేరు. ముందు ఇంకోటి తగిలించుకో."

"సాక్షి భర్త పేరు పలకలేదు," అంది పెద్దపలక. "సాక్షికి భర్త లేడు."

కామాక్షమ్మ దిగ్గున లేచింది. "లేడా! నీ నోట్లో మన్నుబడ! అదుగో, బయట బల్ల మీద వేరుశనక్కాయలు తింటా కూచోనుండాడు. ఏమయ్యో, ఒకసారి దగ్గయ్యా!"

బయటి నుంచి దగ్గు వినిపించింది.

అరుంధతికి నవ్వాగలేదు. తర్వాత నవ్వు మానేసి మనోపత్రం దగ్గరికి లాక్కుంది. "పెద్దాయన అంటే సింగరయ్యే. మళ్లీ తూచండి," అంది పలకతో.

క్షణం పట్టలేదు. "మూడు మడులూ, ఇల్లూ సింగరయ్యకి చెందుతాయి," అంది పలక. కామాక్షమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"ఒక నియమం ఉంది," అంది పలక. "పత్రానికీ మాటలకీ తేడా ఉండకూడదు. పెద్దాయన అన్న ప్రతి చోటా చెంచమ్మ గారి గొంతుతోనే పేరు దిద్దుతాం. పాత మాట ఉండదు. మచ్చుకు వినండి."

"సింగరయ్యా, లే సింగరయ్యా. కోడి కూసి గంటయింది."

అదే గొంతు. అదే గాలి. కామాక్షమ్మ రెండు చెవులూ మూసుకుంది.

రేషను కచేరీలో ఆ పేరు చెప్పమని పొద్దస్తమానం ఎండలో నిలబెట్టినా చెంచమ్మ చెప్పలేదట. మొగుడి శవం మీద పడి ఏడ్చినప్పుడు కూడా ఆ పేరు రానివ్వలేదట. ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆపండి," అన్నాడు సింగరయ్య. "ఆపండమ్మా దాన్ని! అనని మాట అనిపిస్తారా? చచ్చిపోయింది, అడ్డం రాదనా?"

"సంతకం పెడితే మడులు మీవి," అంది అరుంధతి మెల్లగా. "పెట్టకపోతే పాత పత్రమే ఖాయం. ఇది నా చేతిలో లేదు."

"పెట్టన్నా," అన్నాడు నిశాంత్. నిజంగానే అన్నాడు. "ఒక్క పేరేగా."

"మడులు తాత సంపాదించాడు. ఇల్లు ప్రభుత్వం కట్టించింది. ఆమె సొంతానికి దాచుకున్నది ఆ ఒక్క పేరేరా. అది కూడా లాక్కుని నేను ఉప్పు పండించుకోవాలా? ఆ ఉప్పు తింటే ఒంటబడుద్దా?"

కలం అక్కడే వదిలేసి బయటికి వచ్చాడు.

బస్సులో కామాక్షమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మొగుడు ఏమైందని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఇంటికి రాగానే ఆమె పీట వేసుకుని ఎక్కింది. గుమ్మం మీది చెవిపలకను పీకింది.

"ఏందే, ఏం చేస్తుండావు? పలక లేని ఇల్లు సర్కారుకి పోద్ది!"

"పోనీండి. నేను పోయినాక ఇది నా గొంతు పెట్టుకుని మిమ్మల్ని పేరెట్టి పిలుస్తదంట. బతికుండగానే దీన్ని పంపిస్తా."

ఉప్పు రాశి పోసే కొటారులో గుట్ట కింద గుంట తీసి పలకను పాతింది. సాయంత్రానికి ముసలమ్మలందరికీ కథ తెలిసింది. ఒక్కొక్కరే కొంగు చాటున పలక పట్టుకుని వచ్చారు. రెండో రోజుకి కోడళ్లు వచ్చారు. ఎవరూ పంచాయితీ పెట్టలేదు, పాతమని ఎవరికీ చెప్పలేదు. ఊరు ఊరంతా చెవిపలకలకు ఉప్పుపాతర వేసింది. ఉప్పు తిన్న పలక మళ్లీ పనికి రాదు.

పలకను చేసినవాళ్లు అబద్ధాలకు మందు కనిపెట్టారు. దొంగ ప్రేమకూ కనిపెట్టామన్నారు. ఆడవాళ్లు ఆస్తి వదులుకుని నోరు కాపాడుకుంటారని మాత్రం వాళ్ల ఊహకు రాలేదు. ఉప్పలపాలెం నుంచి మాట రావడం లేదని పంపకశాల మూడు తాఖీదులు పంపింది. ఎవరూ జవాబివ్వలేదు.

సింగరయ్య చెక్క భుజాన వేసుకుని మడికి వెళ్లాడు. ఆరు నెలల్లో పదకొండు రోజులు అయిపోయాయి. ఎండ బాగా కాస్తోంది. నీళ్ల మీద తెల్లగా పొర కడుతోంది.

గట్టు మీద వెళ్తున్న కామాక్షమ్మ ఆగింది.

"ఏం పెద్దాయనా, అన్నం తిన్నారా?"

అతను తలెత్తి చూశాడు. "తిన్నా అవ్వా," అన్నాడు.

ఆ మాట ఎక్కడా నమోదు కాలేదు.