నాయన ఆపిన మగ్గం

ఎనభై రెండో సంవత్సరం, మే నెల. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఎండ గడప ఎక్కకముందే శేషప్ప మగ్గం గుంటలోకి కాళ్లు దించాడు. పక్కన భార్య అంజనమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

"నాయనా!"

గడప దగ్గర కూతురు పార్వతి. ఆదోని మిషన్ ఆసుపత్రిలో నర్సు. మొదటి బస్సుకే వచ్చింది.

శేషప్ప తల ఎత్తలేదు. కాళ్ల కింది పలకలను మాత్రం దబదబా తొక్కాడు. టకటక, టకటక. ఆ చప్పుడులో కూతురి గొంతు మునిగిపోయింది.

ఐదేళ్లుగా ఇంతే. అతడు మాటిచ్చిన సంబంధం వాళ్లు తాంబూలాలకు వచ్చిన రోజే ఆ పిల్ల నర్సు చదువుకని బస్సెక్కింది. అప్పటినుంచి ఆమె 'నాయనా' అంటే అతడి జవాబు మగ్గమే.

పార్వతి లోపలికొచ్చి, నూలు మోస్తూ అటూ ఇటూ పరిగెడుతున్న నాడెను చేత్తో పట్టేసింది. మగ్గం ఆగిపోయింది.

"ఎక్స్‌రే అమ్మ పంపించింది గదా, మా డాక్టర్లు చూసినారు. వెన్నుపూస పుచ్చిపోయింది. ఇట్లనే వదిలేస్తే కాళ్లు పడిపోతాయి. మదరాసు డాక్టరు వచ్చినాడు, ఈ వారమే ఆపరేషన్ చేస్తానంటాడు."

"అంజనమ్మా, ఆ నర్సమ్మకు సెప్పు. ఊళ్లో మగోళ్ల పుండ్లు కడిగే చేతులు నా నాడె ముట్టగూడదు."

"ఎదురుగానే ఉండాది గదా, నువ్వే సెప్పుకో! మీ ఇద్దరికీ నడుమ నేనేమన్నా పోస్టుమానునా?"

శేషప్ప విసురుగా లేవబోయాడు. కుడికాలు గుంట గట్టుకు ఆనింది. ఎడమకాలు రాలేదు. రెండు చేతులతో తొడ పట్టుకుని లాగాడు. అయినా రాలేదు. మొహమంతా చెమట పట్టింది.

తల్లీ కూతురూ చెరో రెక్క పట్టుకుని పైకి తీశారు. అతడు కూతురి వైపు చూడకుండా గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం పార్వతి అంతా విడమరిచి చెప్పింది. వెన్నెముకకు రాడ్డు పెట్టి బిగిస్తారు. బిగించేటప్పుడు నరం నలిగిందో లేదో పైకి తెలియదు. అందుకే మధ్యలో మత్తు తగ్గించి, మనిషిని పిలిచి, కాళ్లు కదపమంటారు. కదిలితే సరే. కదలకపోతే రాడ్డు తీసేయాలి.

"తీసేస్తే?" అంది అంజనమ్మ.

పార్వతి చూపు మగ్గం గుంట మీదికి పోయింది.

శేషప్ప భార్య వైపు తిరిగాడు. "కోసుకోమను. కానీ ఆ పిలిచేది మాత్రం ఈయమ్మి గాకుండా ఇంకెవరన్నా పిలవల్ల. అట్లయితేనే వస్తా."

"అట్లనేలేమ్మా, నేను పిలవను" అంది పార్వతి తల్లితో.

* * *

ఆపరేషన్ గదిలో శేషప్ప బోర్లా పడుకుని ఉన్నాడు. రాడ్డు బిగించడం అయింది. డాక్టరుకు తెలుగు రాదు. పిలిచే పని పెద్ద నర్సు సంతోషమ్మది. పార్వతి కాళ్ల దగ్గర నిలబడింది. పైన కప్పిన గుడ్డ ఎత్తి పాదాలు చూస్తూ ఉండడమే ఆమె పని.

మత్తు డాక్టరు తల ఊపాడు.

"శేషప్పా! నా చెయ్యి పిండప్పా!"

చెయ్యి కదలలేదు.

"శేషప్పా! కాళ్లు కదిలించప్పా!"

పాదాలు కదలలేదు. పగిలిన మడమలు, పలకలు తొక్కి తొక్కి కాయలు కాసిన వేళ్లు. పార్వతి వాటినే చూస్తోంది. చిన్నప్పుడు ఆ గుంట పక్కన కూర్చుని ఆ వేళ్లకు నూలు చుట్టి ఆడుకునేది. ఇప్పుడు వాటిని పట్టుకుని తానే కదిపేయాలనిపించింది. కదిపి ఏం లాభం?

"నిద్రలో ఉన్నాడా, నరం పోయిందా? తెలియడం లేదు" అన్నాడు డాక్టరు ఇంగ్లీషులో.

"మత్తు ఇంతకన్నా తగ్గించలేను. ఇలాగే లేవబోయాడంటే ప్రాణానికే ముప్పు" అన్నాడు మత్తు డాక్టరు.

సంతోషమ్మ చెవి దగ్గరకు వంగి ఇంకోసారి అరిచింది. లాభం లేదు.

డాక్టరు రాడ్డు విప్పడానికి పనిముట్టు అందుకున్నాడు.

తీసేస్తే నాయన మళ్లీ గుంటలోకి దిగడు. ఆ సంగతి పార్వతికి తెలుసు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. మింగేసింది.

"నాయనా!"

గడప దగ్గర పిలిచినట్టే పిలిచింది.

కుడి పాదం కిందికి దిగింది. వెంటనే ఎడమది. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ. లేని పలకలను తొక్కుతున్నాయి, దబదబా, కూతురి గొంతు వినపడకుండా.

"రెండూ! రెండూ కదులుతున్నాయి!" అని అరిచింది సంతోషమ్మ. డాక్టరు పనిముట్టు కింద పెట్టేశాడు. మత్తు పెంచమన్నాడు.

పార్వతి మాస్కు తడిసిపోయింది. మత్తులో కూడా నాయన తనను తోసేస్తూనే ఉన్నాడు. తోసేశాడు కాబట్టే కాళ్లు దక్కాయి. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

* * *

మర్నాడు వార్డులో అంజనమ్మ మంచం పక్కనే కూర్చుని అంతా చెప్పింది. శేషప్ప కప్పువైపు చూస్తూ విన్నాడు.

"నాకేం గుర్తులేదు. కల మాదిరి ఉండాది. ఎవరో పిలుస్తాంటే నేను నేస్తాంటి."

"ఎవరు పిలిచినారో తెల్దా?"

అతడి కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి.

"ఎవరు పిలిస్తే నేను అట్ల నేస్తానో నీకు తెల్దా అంజనమ్మా?"

అప్పుడే పార్వతి మందుల ట్రేతో గుమ్మంలోకి వచ్చింది. లోపలికి అడుగు పెట్టాలో వద్దో తోచక అక్కడే ఆగింది.

"నాయనా!" అంది మెల్లగా.

దుప్పటి కింద కాళ్లు కదలలేదు.

ఆమె ట్రే కింద పెట్టేసి పరిగెత్తుకుంటూ వచ్చి దుప్పటి లాగేసి పాదాలు పట్టుకుంది. "నాయనా, కదిలించు! ఒక్కసారి కదిలించు! ఏమైంది?"

శేషప్ప బొటనవేళ్లు రెండూ ఆమె అరచేతుల్లో నెమ్మదిగా ముడుచుకున్నాయి.

"కదుల్తాయిలేమ్మా, భయపడొద్దు. నేనే ఆపినా" అన్నాడు. "నువ్వు పిలిచేది విందామని."