నాణెం చప్పుడు

ఆ ఇంట్లో ముందుగదే సైకిలు రిపేరు షాపు. పొద్దున్నే మెకానిక్ టీ కూడా ముట్టకుండా కూతురి రేసు సైకిలు ముందు చతికిలబడ్డాడు. నిన్న ప్రాక్టీసులో మలుపు దగ్గర జారితే అమ్మాయి మోచేయి గీరుకుపోయింది, సైకిలు పోయి రాతి గట్టుకు గుద్దుకుంది. రేపే సెలెక్షను రేసు. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకిదే ఆఖరి అవకాశం. ఆమె ఎత్తుకు సరిపడే సైకిలు అరువిచ్చేవాళ్లూ లేరు.

కార్బన్ ఫ్రేముతో చిక్కేమిటంటే, అది ఇనుములా వంగి ముందుగా చెప్పదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోతాయి. పల్లం దిగేటప్పుడు ఉన్నట్టుండి విరుగుతుంది. అందుకే మెకానిక్ నాణెంతో గొట్టం పొడుగునా కొట్టుకుంటూ వింటాడు. గట్టిగా ఉన్నచోట టిక్కుమంటుంది, పొర విడినచోట చప్పుడు మొద్దుబారుతుంది. ఆయన చెవి మీది నమ్మకంతోనే రేసుగాళ్లంతా ఈ గడప తొక్కుతారు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఇల్లాలు కత్తి ఆపింది. టిక్, టిక్, టిక్. తర్వాత అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్. మళ్లీ టిక్. ఆయన మాత్రం ఆగలేదు.

"భేషుగ్గా ఉందమ్మా, తొక్కెయ్," అన్నాడు. కూతురి మొహం వెలిగిపోయింది. తల్లి కత్తి పక్కన పెట్టి లేచింది.

ఈమధ్య టీవీ గోలగా పెడుతున్నాడనీ, పిలిస్తే పలకడం లేదనీ ఆమె విసుక్కుంటూనే ఉంది. వయసు మీదపడితే మామూలేగా అని సరిపెట్టుకుందే తప్ప, ఆ చెవి మీదే ఇల్లు నడుస్తోందన్న ఆలోచనే రాలేదు.

ఆ ఫ్రేము పనికిరాదని ఆమె వచ్చి చెప్పింది. ఉల్లిపాయలు తరిగే చేతికి ఈ విద్య ఎప్పుడు పట్టుబడిందని ఆయన ఎద్దేవా చేశాడు. కూతురు మండిపడింది. తను రేసులకు వెళ్లడం అమ్మకి మొదట్నుంచీ గిట్టదనీ, ఇప్పుడో సాకు దొరికిందనీ దులిపేసింది. ఆ మాటలో సగం నిజమే ఉంది, అందుకే తల్లికి మరీ గుచ్చుకుంది.

"నా మాట నమ్మకులేవే. నువ్వే కొట్టు. నాన్న అటు తిరిగి కూర్చుంటారు. చప్పుడు ఎక్కడ మారిందో ఆయన్నే చెప్పనీ."

ఆయన నవ్వుతూ గోడవైపు తిరిగాడు. అమ్మాయి విసురుగా నాణెం అందుకుంది. టిక్, టిక్, టిక్. డబ్. చేయి ఆగిపోయింది. అదే చోట ఇంకాస్త గట్టిగా కొట్టింది. డబ్. తండ్రి ఉలకలేదు, పలకలేదు.

రేపటి రేసు పోయిందని తెలిసి ఏడుపొచ్చేలోపే, బాగున్నాయని నాన్న పంపించిన సైకిళ్లన్నీ ఆమె కళ్లముందు తిరిగాయి. అవి ఈ పూట ఎవరెవరిని మోసుకుని ఏ పల్లాలు దిగుతున్నాయో. వెనక్కి జరిగి తల్లి చేయి గట్టిగా పట్టుకుంది. తల్లి కళ్లు అప్పటికే నిండిపోయి ఉన్నాయి.

గోడనే చూస్తూ ఆయన ఓపిగ్గా అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టవేంటమ్మా?"