ఎత్తిన అరచెయ్యి

ప్రతి ఆదివారం ఉదయం నేను పదిమందికి చూడటం నేర్పుతాను. కళ్లున్నవాళ్లకు ఇంకొకడు చూపు నేర్పాలా అని మీకు నవ్వు రావచ్చు. అయినా వస్తారు. ఆఫీసుల్లో విసిగిపోయి, బుర్రలో కొత్త ఆలోచన ఒక్కటీ పుట్టక, మెడలో ఖరీదైన కెమెరాలు తగిలించుకుని వస్తారు. వాళ్లను చెట్ల మధ్య కూర్చోబెట్టి, గంటసేపు కెమెరా ముట్టుకోవద్దంటాను. ముందు చూడండి, చూస్తూ ఉంటే అదే మీ దగ్గరకు వస్తుందంటాను. కదలకుండా కూర్చుంటానని నాకు కొంగ మాస్టారని పేరు పెట్టారు. కొంగ చేసే జపం ఎలాంటిదో నాకు బాగా తెలుసు కాబట్టి ఆ పేరుకు అభ్యంతరం చెప్పలేదు.

ఆ పాఠాలు నావి కావు, మా చెల్లివి. చూపు దానిది, కెమెరా నాది. ఎండుటాకు మీద నడిచే చీమ నీడను కూడా అది వదిలేది కాదు. అది చూపించిన వైపు నేను మీట నొక్కేవాణ్ని, కింద నా పేరు వేసుకునేవాణ్ని. ఒక్కసారి కూడా ఇదేమిటని అది అడగలేదు.

మూడేళ్ల కిందట తుంగ మడుగులో అది మునిగిపోయింది. కాలు జారిందని, నేను దూరంగా ఉన్నానని అమ్మకు చెప్పాను. ఒక్క కేకైనా వెయ్యలేదా అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. వినపడలేదంటాను.

వినపడింది. కొమ్మ మీదికి లకుముకి పిట్ట వచ్చే వేళ, ఒక తుంగపుల్ల నా ఫొటోకు అడ్డంగా ఉంది. దాన్ని పక్కకు వంచమని చెల్లిని నేనే నీళ్లలోకి దింపాను. పిట్ట వాలుతుండగా "అన్నయ్యా" అని చిన్నగా పిలిచింది. నేను కెమెరాలోంచి కన్ను తీయకుండా అరచెయ్యి ఎత్తాను. కదలకు, మాట్లాడకు అని మా ఇద్దరి మధ్య గుర్తు అది. చెల్లి ఎప్పుడూ నా మాట జవదాటేది కాదు. ఆ రోజూ దాటలేదు.

ఆ ఫొటోకు పెద్ద బహుమతి వచ్చింది. తర్వాత నేను తీసినవన్నీ చచ్చిన పిట్టలే, ఎగురుతున్నవి కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చెల్లి కోసం ఏడ్చినదాని కంటే పోయిన చూపు కోసమే ఎక్కువ ఏడ్చాను. అందుకే పోయిన గురువారం తెల్లవారుతుండగా మళ్లీ ఆ మడుగుకే వెళ్లాను.

మంచు దట్టంగా పట్టి ఉంది. కుళ్లిన ఆకుల వాసన, బురద వాసన. ఎక్కడో కప్పలు. మడత కుర్చీ వేసుకుని, కెమెరా స్టాండుకు బిగించి, నేను చెప్పే పాఠమే నేను పాటిస్తూ గంటసేపు ఊరికే చూశాను. ఏమీ రాలేదు. ఇక లేద్దామనుకుంటుండగా కప్పలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కెమెరాలోకి చూశాను. నా కెమెరాకు ఒక గుణం ఉంది. ఎదురుగా ఏ ప్రాణి కన్ను కనిపించినా దాని మీద చిన్న ఆకుపచ్చ గడి వచ్చి నిలుస్తుంది. అది ఇప్పుడు తుంగలో నిలిచింది. తల పక్కకు తిప్పి మామూలుగా చూశాను. తుంగ, మంచు, నీళ్లు. అంతే. కెమెరాను పక్కకు జరిపి మళ్లీ తెచ్చాను. గడి మళ్లీ అక్కడికే వెళ్లింది. నిలబడ్డ మనిషి కళ్లంత ఎత్తున.

తర్వాత కదిలింది. కిందికి. మెల్లగా... ఇంకాస్త కిందికి... నీళ్ల వైపు.

గడ్డిపోచ కూడా ఊగడం లేదు.

"అన్నయ్యా..."

అదే గొంతు. అంతే చిన్నగా.

పరుగెత్తాల్సింది. నీళ్లలోకి దూకాల్సింది. కానీ సరిగ్గా అప్పుడే కొమ్మ మీద నీలంగా ఏదో మెరిసింది. లకుముకి. నేను అనుకోకుండానే నా చెయ్యి లేచింది. అరచెయ్యి తుంగ వైపు పెట్టి, రెండో చేత్తో మీట నొక్కాను. మళ్లీ నొక్కాను. పిట్ట ఎగిరిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాను. చెయ్యి దించేసరికి ఆకుపచ్చ గడి లేదు. కప్పలు మళ్లీ అరుస్తున్నాయి.

ఫొటో అద్భుతంగా వచ్చింది. మూడేళ్లలో మొదటిసారి ప్రాణమున్న పిట్ట. పెద్దగా అచ్చు వేయించి, సాయంత్రం అమ్మ ముందు పెట్టాను. మోకాళ్ల నొప్పులతో అమ్మ రెండేళ్లుగా మా మేడ మెట్లు దిగలేదు. మంచం, కిటికీ, నేను, అంతే ఆమె లోకం. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. పిట్ట వైపు కాదు, మూలనున్న తుంగ వైపు.

"నీళ్లు మెడదాకా వచ్చినా ఇది అరవదేంట్రా?" అంది నెమ్మదిగా. "నీ వైపే చూస్తోంది. ఆ చెయ్యి ఎందుకలా ఎత్తింది?"

నేను వంగి చూశాను. చూడటం నేర్పేవాణ్ని, ఫొటోకు ముక్కు ఆనించి మరీ చూశాను. నాకు గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. ఆ అరచెయ్యి సంగతి నేను ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

ఇక దాచలేననిపించింది. నేల మీద కూర్చుని అమ్మ మోకాళ్లు పట్టుకున్నాను.

"అమ్మా, ఆ రోజు నేను..."

అమ్మ ఫొటో మీంచి చూపు తిప్పలేదు. అరచెయ్యి మాత్రం నా వైపు ఎత్తింది. వేళ్లు దగ్గరగా, బొటనవేలు కొంచెం లోపలికి. అచ్చం నేను ఎత్తినట్టే. నేను నోరు మూసుకున్నాను.

గదిలో కుళ్లిన ఆకుల వాసన వస్తోంది. అమ్మ గోళ్ల నిండా తడి బురద ఉంది.